పశువు పళ్ళు ఏం చెబుతాయి?

(చదువుల కేంద్రంలో రాత్రిపూట ఇచ్చిన ఉపన్యాసం)



సంతలో ఎద్దును బేరం చేసేటప్పుడు మొదట ఏం చూస్తాం? నోరు చూస్తాం. కింది పెదవి కిందికి లాగి పళ్ళు లెక్కపెడతాం. రెండు పళ్ళదా, నాలుగు పళ్ళదా, ఆరు పళ్ళదా అని అడుగుతాం. దానమిచ్చిన ఆవుకు పళ్ళు లెక్కపెట్టకూడదంటారు పెద్దలు. అంటే డబ్బు పెట్టి కొన్న ఆవుకు తప్పకుండా లెక్కపెట్టాలనే కదా!

మరి ఆ పశువును ఇంటికి తెచ్చి కొట్టంలో కట్టేశాక దాని నోరు ఎన్నిసార్లు చూస్తాం? చాలామంది మళ్ళీ చూడరు. అమ్మే రోజున కొనేవాడు చూస్తాడు. అంతే.

పొద్దున లేవగానే పొదుగు చూస్తాం. పేడ చూస్తాం. కుంటుతుంటే గిట్ట చూస్తాం. నోరు మాత్రం మరిచిపోతాం. కానీ పాలు తయారయ్యే పని నోట్లోనే మొదలవుతుంది. గడ్డి బాగా నమిలితేనే ఒంటికి పడుతుంది. ఒంటికి పడితేనే పాలు. నమలలేని బర్రెకు ఎంత మంచి దాణా పెట్టినా దండగే.

అందుకే ఈ రోజు పశువు పళ్ళ గురించి తెలుసుకుందాం. పశువు పళ్ళు మనకు మూడు సంగతులు చెబుతాయి. ఒకటి, దాని వయసు. రెండు, దాని కష్టం. మూడు, మన ఊరి నీళ్ళ సంగతి. ఈ మూడోదాన్ని మాత్రం చెవి పెట్టి వినాలి.

పశువు నోట్లో ఏముంది?

ఆవుకూ, ఎద్దుకూ, బర్రెకూ పైన ముందు పళ్ళు ఉండవు. పుట్టినప్పటి నుంచీ ఉండవు. అవి ఊడిపోయాయని కొత్తవాళ్ళు అనుకుంటారు. అది నిజం కాదు. పళ్ళు ఉండాల్సిన చోట గట్టి తోలు దిండు లాంటిది ఉంటుంది. పశువు నాలుకతో గడ్డిని చుట్టి లాగుతుంది. కింది పళ్ళను ఆ దిండుకు నొక్కి గడ్డి తెంపుతుంది.

పెరిగిన పశువుకు మొత్తం 32 పళ్ళు. కింద ముందు వైపు 8. లోపల దవడ పళ్ళు పైన 12, కింద 12. కలిపి చూడండి. 8, 12, 12. మొత్తం 32. మనిషికీ అంతే!

ముందు పళ్ళు గడ్డిని తెంపుతాయి. దవడ పళ్ళు తిరగలి లాంటివి. అవి గడ్డిని నూరుతాయి. పశువు రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు నెమరు వేస్తుంది. అంటే తిరగలి ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది.

ముందు పళ్ళను వేలితో పట్టుకుంటే కొంచెం కదులుతాయి. అది జబ్బు కాదు. పై దిండుకు గాయం కాకుండా అవి అలా కొంచెం కదిలేటట్టే ఉంటాయి. బాగా ఊగిపోతుంటేనే భయపడాలి.

పళ్ళు, వయసు

దూడకు పుట్టిన నెల రోజుల లోపు ముందు 8 పాలపళ్ళూ వచ్చేస్తాయి. ఇవి చిన్నవి, తెల్లనివి. తర్వాత ఒక్కొక్క జత ఊడి, పెద్ద పళ్ళు వస్తాయి.

నాటు ఆవుల్లో, ఎద్దుల్లో సుమారుగా ఇలా ఉంటుంది:

రెండు పళ్ళు వేస్తే రెండు నుంచి రెండున్నర ఏళ్ళు.
నాలుగు పళ్ళు వేస్తే మూడేళ్ళు.
ఆరు పళ్ళు వేస్తే మూడున్నర నుంచి నాలుగేళ్ళు.
ఎనిమిది పళ్ళూ నిండితే నాలుగున్నర నుంచి అయిదేళ్ళు.

బర్రెలకు ఇంకా కొన్ని నెలలు ఆలస్యం అవుతుంది. సంకర జాతి ఆవులకు కొంచెం ముందే వస్తాయి. మేతను బట్టి కూడా తేడా ఉంటుంది.

పళ్ళు మారే వయసులో పడ్డ నాలుగు రోజులు సరిగా మేయకపోవచ్చు. చిగుళ్ళు నొప్పి పెడతాయి. ఆ రోజుల్లో మెత్తటి పచ్చగడ్డి వేస్తే చాలు. ఊగే పాలపన్నును పీకనక్కర లేదు. దానంతట అదే ఊడిపోతుంది.

ఎనిమిది పళ్ళూ నిండాక అరుగుడు మొదలవుతుంది. పదేళ్ళు దాటిన పశువుకు పళ్ళు పొట్టివవుతాయి. పళ్ళ మధ్య సందులు పడతాయి. తర్వాత ఒక్కొక్కటీ ఊడతాయి.

పశువు పళ్ళు పుచ్చుతాయా?

మన పిల్లలకు పిప్పి పళ్ళు వస్తాయి. చాక్లెట్లు, బిస్కెట్లు తిని నోరు కడుక్కోకపోతే పళ్ళకు పురుగు పట్టిందంటాం. నిజానికి అది పురుగు కాదు. కంటికి కనిపించని సూక్ష్మజీవులు తీపిని పులియబెడతాయి. ఆ పులుపు పన్నును తినేస్తుంది.

పశువులకు ఇలాంటి పిప్పి పళ్ళు చాలా తక్కువ. ఎందుకు? పశువు తినేది గడ్డి. తీపి తక్కువ. ఇంకో కారణం ఉమ్మి. పెద్ద ఆవు నోట్లో రోజుకు సుమారు 100 లీటర్ల ఉమ్మి ఊరుతుంది. పది లీటర్ల బకెట్టుతో కొలిస్తే పది బకెట్లు! ఆ ఉమ్మి పులుపును విరిచేస్తుంది. నోటిని కడుగుతూనే ఉంటుంది.

అయితే పశువు పళ్ళకు కష్టాలే లేవా? ఉన్నాయి. అవి వేరే రకం.

ఒకటి, పళ్ళు వంకరగా అరగడం. దవడ పన్ను ఒక పక్కే అరిగితే ఇంకో పక్క కత్తి అంచులా తేలుతుంది. అది బుగ్గను, నాలుకను కోస్తుంది.

రెండు, ఏదైనా ఇరుక్కోవడం. కంప ముల్లు, కట్టె పుల్ల, తీగ ముక్క, ఎముక ముక్క పళ్ళ మధ్య ఇరుక్కుంటాయి. అక్కడ మేత కుళ్ళి చీము పడుతుంది.

మూడు, దవడ వాపు. ముల్లు గుచ్చిన చోట నుంచి, పన్ను ఊడిన చోట నుంచి సూక్ష్మజీవులు దవడ ఎముకలోకి పోతాయి. రాయిలాంటి గడ్డ లేస్తుంది. అది నెమ్మదిగా పెరుగుతుంది. మొదట్లోనే చూపిస్తే మందు పని చేస్తుంది. ముదిరితే కష్టం.

నాలుగు, ఇసుక, మట్టి కలిసిన మేత. ఇది పళ్ళను ఆకురాయిలా అరగదీస్తుంది. నేల మీద వేసిన గడ్డిలో మట్టి కలుస్తుంది. గాడిలో వేస్తే కలవదు.

అయిదు, నీళ్ళలో ఫ్లోరైడు. ఆ సంగతి కాసేపట్లో చూద్దాం.

నోరు బాగాలేదని ఎలా తెలుస్తుంది?

పశువుకు నోరు ఉంది గానీ మాట లేదు. అయినా అది చెబుతూనే ఉంటుంది. మనం గమనించాలి.

మేత దగ్గరికి ఆశగా వస్తుంది. నోట్లో పెట్టుకుంటుంది. సగం నమిలి ఉండలా కింద పడేస్తుంది.

తల ఒక పక్కకు వంచి, ఒక దవడతోనే నములుతుంది.

నోటి నుంచి చొంగ తీగలా కారుతుంది. చెడు వాసన వస్తుంది.

చల్లటి నీళ్ళు తాగేటప్పుడు ఉలిక్కిపడుతుంది.

పేడలో పొడుగు పొడుగు గడ్డి పీచులు, నలగని గింజలు కనిపిస్తాయి.

బుగ్గ ఉబ్బుతుంది. లేదా బుగ్గలో మేత నిలిచి ముద్దలా కనిపిస్తుంది.

పాలు తగ్గుతాయి. ఎముకలు తేలుతాయి.

ఇందులో ఏ ఒక్కటి కనిపించినా నోరు చూపించాలి.

ఒక ఇంటి సంగతి

ఒక ఇంట్లో ఇలా జరిగిందనుకోండి.

ఆ ఇంట్లో ఒక బర్రె ఉంది. నాలుగో ఈత. పూటకు నాలుగు లీటర్లు ఇచ్చేది. మహిళా సంఘంలో అప్పు తీసుకుని కొన్న బర్రె. నెల నెలా కిస్తీ ఆ పాల మీదే.

ఉన్నట్టుండి బర్రె చిక్కింది. పాలు పూటకు ఒక లీటరుకు దిగాయి. పక్కింటి పెద్దాయన వచ్చి చూశాడు.

"దిష్టి తగిలింది బిడ్డా! బుగ్గ మీద వాత పెట్టియ్యి, సక్కగైతది" అన్నాడు.

దళారి వచ్చాడు. "దీని పని అయిపోయింది. వచ్చిన కాడికి అమ్మెయ్యి" అన్నాడు. కొన్న ధరలో మూడో వంతు చెప్పాడు. ఇంటాయన సరేనన్నాడు.

ఇంటామె ఒప్పుకోలేదు.

"జర ఆగు. నాలుగు రోజుల సంది చూస్తున్న. గడ్డి నోట్లె పెట్టుకుంటది, ఉండ చేసి పడేస్తది. ఆకలి లేని గొడ్డు అసలు గడ్డి ముట్టది గద! దీనికి ఆకలి ఉన్నది. నములుడే చేతనైతలేదు. నోట్లె ఏదో ఉన్నది" అంది.

ఆమె బర్రెను పశువుల దవాఖానకు తోలుకుపోయింది. డాక్టరు నోటికి ఇనుప పట్టీ పెట్టి, బ్యాటరీ లైటు వేసి చూశాడు.

"అమ్మా, ఇది కడుపు జబ్బు కాదు. దవడ పన్ను అంచు తేలింది. బుగ్గ లోపల కోసి పుండు చేసింది. నమిలినప్పుడల్లా గుచ్చుకుంటున్నది" అన్నాడు.

పొడవాటి ఆకురాయితో ఆ అంచును రాశాడు. పుండుకు మందు ఇచ్చాడు. వారం రోజులు తౌడు నానబెట్టి, గడ్డి సన్నగా కోసి పెట్టమన్నాడు.

బర్రె మళ్ళీ మేసింది. కింద ఉండలు పడటం ఆగింది. కిస్తీ కూడా ఆగలేదు.

దళారి మాట విని అమ్మి ఉంటే? బర్రె పోయేది. అప్పు మిగిలేది. ఇక్కడ బర్రెను కాపాడింది డాక్టరు ఒక్కడే కాదు. మేత దగ్గర నిలబడి చూసిన ఆ ఇంటామె కళ్ళు కూడా.

చేయకూడని పనులు

బుగ్గ మీద వాత పెట్టకూడదు. లోపలి పుండుకు బయట కాల్చితే ఏం లాభం? రెండు పుండ్లు అవుతాయి.

పశువు బుగ్గల లోపల మెత్తటి ముళ్ళ లాంటివి వరుసగా ఉంటాయి. అవి జబ్బు కాదు. ప్రతి పశువుకూ ఉంటాయి. మేత జారిపోకుండా పట్టుకునేవి అవే. వాటిని జబ్బనుకుని కొందరు కోస్తారు, ఉప్పు పెట్టి రుద్దుతారు. అది తప్పు. పశువుకు నరకం.

పళ్ళను కొడవలితోనో, పట్టకారుతోనో పీకకూడదు. పన్ను లోపల విరిగితే దవడ కుళ్ళుతుంది.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఒకటుంది. చొంగ కారుస్తున్న పశువు నోట్లో ఉత్త చెయ్యి పెట్టకూడదు. ఎందుకంటే పిచ్చికుక్క కరిచిన పశువు కూడా చొంగ కారుస్తుంది. మింగలేదు. గొంతులో ఏదో అడ్డుపడినట్టే కనిపిస్తుంది. ఆ చొంగ మన చేతి గాయానికి తగిలితే రేబిస్ రావచ్చు. వచ్చిన తర్వాత ఆ జబ్బుకు మందు లేదు. తెలియక చెయ్యి పెట్టి ఉంటే సబ్బుతో, ధారగా పడే నీళ్ళతో 15 నిమిషాలు కడగాలి. వెంటనే ఆసుపత్రికి వెళ్ళి టీకా వేయించుకోవాలి.

గాలికుంటులో కూడా చొంగ కారుతుంది. నోట్లో, నాలుక మీద పొక్కులు లేస్తాయి. గిట్టల మధ్య పుండ్లు పడతాయి. జ్వరం వస్తుంది. ఇది పళ్ళ జబ్బు కాదు, అంటు వ్యాధి. అలాంటి పశువును వేరుగా కట్టాలి. గాలికుంటుకు ఏడాదికి రెండుసార్లు టీకా వేయించాలి. 2019లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద ఈ టీకా ఉచితం.

మరి ఇంట్లో మనం ఏం చూడవచ్చు? కింది పెదవిని మెల్లగా కిందికి లాగి ముందు పళ్ళు చూడవచ్చు. బయట నుంచి బుగ్గను దవడ వెంట నొక్కి చూడవచ్చు. నొప్పి ఉన్న చోట పశువు తల వెనక్కి లాక్కుంటుంది. లోపలి దవడ పళ్ళను మాత్రం డాక్టరే చూడాలి. అవి వేళ్ళను నలిపేస్తాయి.

పళ్ళ మీద మచ్చలు

ఇప్పుడు మూడో సంగతి. ఊరి నీళ్ళ సంగతి.

పశువు పెదవి లాగి చూడండి. ముందు పళ్ళు తెల్లగా, నున్నగా మెరుస్తున్నాయా? లేక సున్నపు ముక్కలా పాలిపోయి ఉన్నాయా? వాటి మీద పసుపు, గోధుమ, నలుపు రంగు చారలు అడ్డంగా ఉన్నాయా? చిన్న చిన్న గుంటలు ఉన్నాయా? గోటితో గీకినా ఆ మచ్చ పోవడం లేదా? ఎడమ పన్ను మీద ఉన్నట్టే కుడి పన్ను మీదా ఉందా?

అలా ఉంటే అది ఫ్లోరైడు గుర్తు కావచ్చు.

ఫ్లోరైడు నేల లోపలి రాళ్ళలో ఉంటుంది. భూమి లోపలి నీళ్ళు ఆ రాళ్ళను తాకి దాన్ని కరిగించుకుంటాయి. ఆ నీళ్ళే బోరులోకి వస్తాయి. ఫ్లోరైడు కంటికి కనిపించదు. నాలుకకు తెలియదు. వాసన రాదు. నీళ్ళు మరగబెట్టినా పోదు. నీరు ఆవిరై తగ్గుతుంది గనుక మిగిలిన నీళ్ళలో దాని పాలు ఇంకా పెరుగుతుంది.

ఈ కష్టం తెలుగు నేలకు కొత్త కాదు. 1937లో డాక్టర్లు మద్రాసు రాష్ట్రంలోని అప్పటి నెల్లూరు జిల్లాలో దీన్ని కనుక్కుని రాశారు. దర్శి, పొదిలి, కనిగిరి వైపు పల్లెల్లో మనుషుల నడుములు, మెడలు కర్రల్లా బిగుసుకుపోయాయి. అంతకు ముందే అక్కడి రైతులు తమ ఎద్దుల్లో తేడా గమనించారని చెబుతారు. కాడి కట్టిన ఎద్దులు కీళ్ళు పట్టేసి నడవలేకపోయాయట. అంటే డాక్టర్ల కన్నా ముందు రైతు చూశాడు. రైతు కన్నా ముందు ఎద్దు చెప్పింది.

తర్వాత నల్లగొండ జిల్లా పేరు ఈ జబ్బుతో దేశమంతా తెలిసింది. మునుగోడు, మర్రిగూడ వైపు పిల్లల కాళ్ళు వంకర పోయాయి. పళ్ళు గారపట్టాయి. నీళ్ళలో పటిక, సున్నం, బ్లీచింగు పొడి కలిపి ఫ్లోరైడు తీసే పద్ధతిని 1970లలో నాగపూర్‌లోని నీరి సంస్థవారు తయారు చేశారు. దానికి నల్లగొండ పద్ధతి అనే పేరు వచ్చింది. తర్వాత కృష్ణా నీళ్ళు పైపుల్లో వచ్చాయి. తెలంగాణలో 2016లో మిషన్ భగీరథ మొదలైంది. నది నీళ్ళు ఇంటి నల్లాలోకి వచ్చాయి.

ఇంట్లోకి వచ్చాయి. బాగుంది. మరి కొట్టంలోకి?

ఒక్కసారి ఆలోచించండి. వంటింట్లో బిందెకు నల్లా నీళ్ళు. కొట్టంలో తొట్టికి మాత్రం పాత బోరు నీళ్ళు. పాలిచ్చే బర్రె రోజుకు 40, 50 లీటర్ల నీళ్ళు తాగుతుంది. ఎండాకాలం ఇంకా ఎక్కువ. అది తినే గడ్డి కూడా ఆ బోరు కిందే పండుతుంది. ఇన్ని లీటర్లు పోతుంటే పశువు ఒంట్లో ఫ్లోరైడు చేరకుండా ఎలా ఉంటుంది?

దూడకే ఎక్కువ నష్టం

ఫ్లోరైడు పెద్ద పశువు పళ్ళకు కొత్తగా మచ్చ తేలేదు. పన్ను దవడ లోపల తయారవుతున్నప్పుడే దాన్ని పాడు చేస్తుంది. దూడకు ఆరు నెలలు నిండినప్పటి నుంచి మూడు, నాలుగేళ్ళ దాకా పెద్ద పళ్ళు లోపల తయారవుతూ ఉంటాయి. అప్పుడు చెడ్డ నీళ్ళు తాగితే పన్ను మెత్తగా పుడుతుంది. బయటికి వచ్చాక త్వరగా అరుగుతుంది, పెళుసుగా విరుగుతుంది.

ఎనిమిదేళ్ళ పశువు పళ్ళు పన్నెండేళ్ళ పశువు పళ్ళలా కనిపిస్తాయి. రైతుకు నాలుగేళ్ళ పాడి పోయినట్టే.

పళ్ళు నిండిన తర్వాత వేరే ఊరి నుంచి తెచ్చిన పశువుకు పళ్ళ మీద మచ్చలు రావు. కానీ దాని ఎముకలకు ఫ్లోరైడు పడుతుంది. కీళ్ళు బిగుస్తాయి. కుంటుతుంది. లేవడానికి కష్టపడుతుంది. కాబట్టి పళ్ళు తెల్లగా ఉన్నాయని నీళ్ళు మంచివని అనుకోకూడదు. ఆ ఊళ్ళోనే పుట్టి పెరిగిన పశువు పళ్ళు చూడాలి.

పాల సంగతి ఏమిటని అడుగుతారు. పాలలోకి ఫ్లోరైడు చాలా తక్కువ వెళుతుంది. భయపడి పాలు మానవద్దు. పిల్లలకు కాల్షియం కావాలి. పాలు ఇవ్వండి.

కానీ ఆ దూడ తాగే నీళ్ళే పిల్లలు కూడా తాగుతుంటే? పిల్లల పెద్ద పళ్ళు ఎనిమిదేళ్ళ వయసు దాకా చిగుళ్ళ లోపల తయారవుతూ ఉంటాయి. దూడ పళ్ళ మీద మచ్చ చూసిన రోజే మన పిల్లల నోరు కూడా తెరిచి చూడాలి. బడికి పోయే పిల్ల నవ్వితే చెయ్యి అడ్డం పెట్టుకుంటున్నదా? ఎందుకు పెట్టుకుంటున్నదో అడగాలి.

మనం ఏం చేయాలి?

మొదటి పని నీళ్ళ పరీక్ష. మచ్చ చూసి అనుమానపడవచ్చు. తేల్చేది పరీక్షే. గ్రామీణ నీటి సరఫరా శాఖ ప్రయోగశాలలో పరీక్ష చేస్తారు. 2019లో మొదలైన జల్ జీవన్ మిషన్ కింద ఊళ్ళలోనే నీళ్ళు పరీక్షించే పెట్టెలు ఇచ్చారు. ఒక్కో ఊళ్ళో అయిదుగురు మహిళలకు ఆ పని నేర్పాలన్నది అందులో ఒక మాట. మన ఊళ్ళో ఆ పెట్టె ఎక్కడుంది? ఎవరు నేర్చుకున్నారు? పంచాయతీలో అడగండి.

పరీక్ష కాగితం ఇస్తే మడిచి జేబులో పెట్టుకోకండి. చదవండి. ఇప్పుడు చదువు వచ్చింది కదా! ఫ్లోరైడు అన్న మాట వెతకండి. పక్కన ఉన్న అంకె చూడండి. మనుషులు తాగే నీళ్ళలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకుండా ఉంటే మంచిది. వేరే నీళ్ళు దొరకని చోట కూడా 1.5 దాటకూడదు. ఆ అంకె 2, 3, 4 అని ఉంటే కాగితం పట్టుకుని గ్రామసభలో లేచి చదవండి.

రెండో పని, దూడలకు మంచి నీళ్ళు. మంచి నీళ్ళు తక్కువగా ఉంటే ముందు దూడలకు, పడ్డలకు పెట్టండి. వాటి పళ్ళు ఇప్పుడే తయారవుతున్నాయి. దూడ తాగేది తక్కువే. ఒకటి రెండు బకెట్లు నల్లా నీళ్ళు దానికి పెట్టడం పెద్ద కష్టం కాదు.

మూడో పని, వాన నీళ్ళు. వాన నీటిలో, చెరువు నీటిలో, కాలువ నీటిలో ఫ్లోరైడు సాధారణంగా తక్కువ. కొట్టం రేకుల మీద పడే వానను తొట్టికి మళ్ళించవచ్చు. బోరు నీళ్ళలో కలిపి పెట్టినా పాలు తగ్గుతుంది. కానీ మురికి గుంటలకు తోలకండి. అక్కడ మేస్తే, తాగితే కాలేయానికి జలగలు పడతాయి.

నాలుగో పని, లవణ మిశ్రమం. పాలిచ్చే పశువుకు రోజుకు సుమారు 50 గ్రాములు దాణాలో కలపాలి. ఐ.ఎస్.ఐ. గుర్తు ఉన్నదే కొనాలి. నాసిరకం మిశ్రమంలో ఫ్లోరైడు ఎక్కువ ఉండవచ్చు.

ఒకసారి మచ్చ పడ్డ పన్ను మళ్ళీ తెల్లబడదు. దానికి మందు లేదు. రాబోయే పళ్ళను మాత్రం కాపాడుకోవచ్చు.

పళ్ళు అరిగిన పశువుకు

పళ్ళు అరిగినంత మాత్రాన పశువు పనికిరానిది కాదు. దాని తిరగలి పని కొంత మనం చేసిపెట్టాలి. అంతే.

జొన్న చొప్పను, వరిగడ్డిని సన్నగా కోయాలి. చెక్కను ముందు రోజు రాత్రి నానబెట్టాలి. తౌడు తడిపి పెట్టాలి. గింజలు పిండి పట్టించి పెట్టాలి. లేత పచ్చగడ్డి వేయాలి. మందలో కలిపి కట్టకూడదు. గట్టి పశువులు దాని వంతు తినేస్తాయి. వేరుగా కట్టి, తీరిగ్గా తిననివ్వాలి. చల్లటి నీళ్ళకు పళ్ళు జివ్వుమంటే ఎండలో ఉంచిన నీళ్ళు పెట్టాలి.

కుడితి తొట్టి రోజూ కడగాలి. గాడిలో తీగలు, మేకులు, ప్లాస్టిక్కు లేకుండా చూడాలి. నోట్లో గుచ్చుకోకుండా లోపలికి పోయిన తీగ గుండె దాకా పోయి చంపుతుంది.

నోటు పుస్తకంలో ఒక పేజీ

పలకా బలపం పట్టి నేర్చుకున్న అక్షరాలు కొట్టంలో కూడా పనికి రావాలి. నోటు పుస్తకంలో ఒక్కో పశువుకు ఒక్కో పేజీ పెట్టండి. పశువు గుర్తు రాయండి. పుట్టిన నెల, ఏడాది రాయండి. ఏ నెలలో ఏ జత పళ్ళు వేసిందో రాయండి. మచ్చలు ఉన్నాయా, లేవా రాయండి. టీకా వేసిన తేదీ రాయండి. ఏడాదికి రెండుసార్లు, గాలికుంటు టీకా వేసే రోజున డాక్టరుతో నోరు కూడా చూపించండి. ఎలాగూ పశువును కట్టి పట్టుకుంటాం కదా!

పశువు కదలలేని స్థితిలో ఉంటే 1962 నంబరుకు ఫోను చేయండి. పశువుల అంబులెన్సు కోసం పెట్టిన నంబరు అది.

రేపు పొద్దున పాలు పితికాక ఒక్క నిమిషం ఆగండి. కింది పెదవి మెల్లగా లాగి చూడండి. పశువు మాట్లాడలేదు. దాని పళ్ళు మాత్రం వయసు చెబుతాయి, నొప్పి చెబుతాయి, మన బావిలో ఏముందో కూడా చెబుతాయి.



గుర్తుంచుకోండి

1. పశువుకు పైన ముందు పళ్ళు ఉండవు. అది జబ్బు కాదు.
2. నమిలిన మేత ఉండలా పడేస్తుంటే నోరు చూపించాలి.
3. చొంగ కారే పశువు నోట్లో ఉత్త చెయ్యి పెట్టకూడదు.
4. వాతలు పెట్టకూడదు. బుగ్గ లోపలి ముళ్ళు కోయకూడదు.
5. పళ్ళ మీద గోధుమ చారలు ఉంటే నీళ్ళు పరీక్ష చేయించాలి.
6. మంచి నీళ్ళు ముందు దూడకు పెట్టాలి.

చర్చించండి

1. మన ఊళ్ళో పుట్టి పెరిగిన పశువుల్లో ఎన్నిటి పళ్ళ మీద మచ్చలు ఉన్నాయి? వారం లోపల చూసి లెక్క రాయండి.
2. మన కొట్టాల్లో తొట్టికి ఏ నీళ్ళు పడుతున్నాయి? ఆ నీళ్ళను ఎప్పుడైనా పరీక్ష చేశారా?
3. పంచాయతీకి నీళ్ళ పరీక్ష కోరుతూ ఒక అర్జీ రాయండి. అందరూ సంతకాలు చేయండి. వేలిముద్ర వద్దు.